సాగర్ గట్టున యురేనియం వేట

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరపకూ పత్తికీ నాగార్జునసాగర్ కుడి కాలువే పెద్ద దిక్కు. ఆ కాలువకు నీళ్లిచ్చే జలాశయానికి అవతల, నల్లగొండ గుట్టల్లో యురేనియం దాగి ఉందని తేలడానికి మన శాస్త్రవేత్తలకు నలభై ఏళ్లు పట్టింది.

స్వతంత్రం వచ్చిన కొత్తలో హోమీ భాభా ముందున్న చిక్కు ప్రశ్న ఇది: అణు రియాక్టర్లు కడతాం సరే, ఇంధనం ఎక్కడిది? భూగర్భ శాస్త్రంలో పండిపోయిన డి.ఎన్.వాడియా నాయకత్వంలో వెతుకులాట మొదలైంది. కుర్ర శాస్త్రవేత్తలు గైగర్ కౌంటర్లు పట్టుకుని కొండలూ డొంకలూ తిరిగారు. 1951లో సింగ్‌భూమ్ ప్రాంతంలో జాదూగూడ నిక్షేపం దొరికింది. అది సంతాలులు, హోలు బతికే నేల.

తరువాత చూపు కడప బేసిన్ మీద పడింది. కడప నుంచి ప్రకాశం, పల్నాడు మీదుగా నల్లగొండ దాకా నెలవంకలా పరుచుకున్న పాత రాళ్లవి. కౌంటర్ అక్కడక్కడా టిక్కుటిక్కుమనేది, గనికి చాలినంత సరుకు మాత్రం కనబడేది కాదు. కడప జిల్లా వేంపల్లె రాళ్లలో బాగానే ఉందని తేలింది గానీ అక్కడ ఇంకో తంటా. అది సున్నం ఎక్కువున్న రాయి. మామూలుగా వాడే ఆమ్లం పోస్తే యురేనియం కరిగేలోపే ఆమ్లమంతా సున్నమే తాగేస్తుంది. ఆమ్లం బదులు క్షారంతో, వేడి, ఒత్తిడి పెట్టి యురేనియాన్ని లాగే పద్ధతి కుదిరేదాకా ఆగాల్సి వచ్చింది. అక్కడి తుమ్మలపల్లె గనికి శంకుస్థాపన 2007లో గానీ జరగలేదు.

నల్లగొండ ముడి విప్పడానికి సూచన కెనడా నుంచి వచ్చింది. 1968లో అథబాస్కా ప్రాంతంలో రాబిట్ లేక్ నిక్షేపం బయటపడింది. ఆ తరువాత ఒకదాని వెంట ఒకటి దొరికినవన్నీ దాదాపు ఒకే చోట: అడుగున ముసలి రాయి, దాని మీద చాలా కాలం తరువాత పేరుకున్న ఇసుకరాయి, ఆ రెండూ కలిసే అతుకు. పగుళ్ల వెంట పారిన నీళ్లు యురేనియాన్ని కరిగించి మోసుకొచ్చి, రసాయన స్థితి మారిన ఆ అతుకు దగ్గర వదిలేశాయి. మన దగ్గరా అదే అమరిక ఉంది కదా! సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దాని నెత్తిన టోపీలా శ్రీశైలం క్వార్ట్‌జైట్. గుట్టల వాలుల్లో ఆ టోపీ అంచు వెంటే వెతికారు. 1990ల తొలి ఏళ్లలో లంబాపూర్ దొరికింది, దాని వెనకే పెద్దగట్టు.

బోరు వేసే రిగ్గు గిరగిరా తిరుగుతుంటే లోపలి నుంచి రాతి కడ్డీలు బయటికొస్తాయి. వాటిని పెట్టెల్లో వరసగా పేర్చి, ఏ లోతువో రాసిపెడతారు. లేత రంగు క్వార్ట్‌జైట్ అయిపోయి గ్రానైట్ మొదలయ్యే చోట కౌంటర్ ఒక్కసారిగా జోరందుకుంటుంది. ఏళ్ల తరబడి ఎండలో తిరిగినవాళ్లకు ఆ చప్పుడు ఎంత తీపిగా వినబడి ఉంటుందో!

అయితే ఆ గుట్టల మీద లంబాడీ తండాలున్నాయి. పక్కనే సాగర్ ఉంది. ఇక్కడి రాయి టన్ను నూరితే వచ్చే యురేనియం దాదాపు ఒక కిలో, మిగతాదంతా బురద. రేడియం వంటివి అందులోనే ఉండిపోతాయి కనుక రాయిలోని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం ఆ బురదతోనే మిగులుతుంది. ఈ ముప్పు కొత్తగా తెలిసిందేమీ కాదు. జర్మనీలోని ష్నీబెర్గ్ గని కార్మికులను పీడించే జబ్బు ఊపిరితిత్తుల కణితి అని ఇద్దరు వైద్యులు 1879లోనే చెప్పారు. అమెరికాలో నవాహో ఆదివాసీ గని కార్మికుల మీద 1950 నుంచి ప్రభుత్వ వైద్యులు అధ్యయనం చేశారు, ప్రమాదం సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా కష్టంగా అనిపించేది ఇదే. రాయి జాడ చెప్పిన కెనడా కబురు ఇక్కడికి చేరింది, నవాహోల కబురు తండాలకు ఎవరూ మోసుకురాలేదు.

జాదూగూడలో పుట్టుక లోపాల గురించి వచ్చిన ఆరోపణలను గని నడిపే సంస్థ ఒప్పుకోలేదు గానీ, ఆ మాటలు నల్లగొండ దాకా పాకాయి. లంబాపూర్, పెద్దగట్టు గనుల మీద 2003 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో గట్టి వ్యతిరేకత వచ్చింది. అక్కడ గని ఇంతవరకూ తెరుచుకోలేదు. తుమ్మలపల్లె గని తెరుచుకుంది. వ్యర్థాల చెరువు వల్ల బోర్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఆ పక్కనే ఉన్న కె.కె.కొట్టాల రైతులు మొత్తుకున్నారు, సంస్థ కాదంది.

అందుకే 2019 మేలో, నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనన్నప్పుడు, జనం అన్వేషణ బోర్లు వేసే దశలోనే అడ్డుపడ్డారు. పులుల కోసం తమ పెంటలు, అంటే గూడేలు, ఖాళీ చేయాలని చెంచులకు చెబుతున్న అడవి అది. రిగ్గులకు మాత్రం దారి ఇస్తారట! 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ తీర్మానం కృష్ణా నది నడిమధ్య దాకే చెల్లుతుంది. ఇవతల పల్నాడులో, మాచర్ల దగ్గరి కొప్పునూరులోనూ గ్రానైట్ అతుకు దగ్గర యురేనియం ఉందని అవే రిగ్గులు ఎప్పుడో తేల్చాయి.