భద్రాచల ప్రాంతము: చేరిన జిల్లాలు, వీడిన జిల్లాలు

మన గ్రంథాలయము స్థాపింపబడి ఇరువదియైదు సంవత్సరములు నిండినవి. ఈ స్వల్పకాలములోనే దాని చిరునామా రెండు పర్యాయములు మారినది. మొదట కొన్న పుస్తకములపై ఖమ్మం జిల్లా, ఆంధ్రప్రదేశ్ అను ముద్ర కలదు. 2014 తరువాత కొన్నవానిపై రాష్ట్రము పేరు మారినది. 2016 తరువాత జిల్లా పేరును మారినది. ఊరు మాత్రము కదలలేదు. ఇట్లు ఊరు కదలకుండగనే ఊరివారు ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు పోవుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. గోదావరి ఆవలి గట్టుననున్న భద్రాచల ప్రాంతమునకు ఇది నూట అరువది యేండ్లుగా అలవాటైన అనుభవము.

ఈ వ్యాసము వ్రాయువాడు పండితుడు గాడు. మా యింటి పట్వారీగిరి 1984లో ప్రభుత్వోత్తరువుతో పోయినను, లెక్కలు వ్రాయు పని నన్ను విడువలేదు. లెక్కలు వ్రాయువానికి ఒక అలవాటు కలదు. లాభము ఎవరి పద్దున చేరినది, ఖర్చు ఎవరి పద్దున పడినది అని చూచును. జిల్లాలను కలుపుట, విడదీయుట అను వ్యవహారమును ఆ దృష్టితో పరిశీలించుటయే నా ఉద్దేశము.

పూర్వము గోదావరి నది మనకు ఎల్ల గాదు. పదునేడవ శతాబ్దమున తానీషా ప్రభుత్వములో కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నుండెను. కచ్చేరి పేరు ఈవలి గట్టుది. ఆయన కట్టించిన రామాలయము ఆవలి గట్టుది. సర్కారు సొమ్మును ఆలయమునకు వెచ్చించినందులకు ఆయన గోల్కొండలో చెరసాల పాలైన కథ పిల్లలకును తెలియును. అందులో లెక్కలవాడు గమనించునది వేరొకటి కలదు. ఆనాడు రెండు గట్టుల వ్యవహారమును ఒకే దస్త్రములో నుండెను. నదిని పడవపై దాటిన రైతు పరదేశమునకు పోయినట్లు కాదు.

ఆ యేకత్వము 1860లో చెడినది. ఆ సంవత్సరము ఆంగ్ల ప్రభుత్వమునకును నైజాము ప్రభువునకును ఒక సంధి కుదిరెను. దాని ప్రకారము నైజాము చెల్లింపవలసిన ఏబది లక్షల రూపాయల ఋణము రద్దయ్యెను. రాయచూరు అంతర్వేదియు, ధారాశివ్ ప్రాంతమును ఆయనకు తిరిగి వచ్చెను. సురపుర సంస్థానమును దక్కెను. అందులకు మారుగా గోదావరి యెడమ గట్టుననున్న తాలూకాలు ఆంగ్లేయులకు సంక్రమించెను. భద్రాచలము, రేకపల్లి అట్లు చేతులు మారినవి. ఆ పత్రము వ్రాయునప్పుడు కోయ గూడెములలో గాని, కొండరెడ్ల పల్లెలలో గాని ఎవరిని ఎవరును అడిగినట్లు కానరాదు.

ఆంగ్లేయులకు ఈ అడవి గట్టు దేనికి కావలసివచ్చినది? ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన కాటన్ దొర మొదలగువారు గోదావరిని పెద్ద జలమార్గముగా మార్చదలచిరి. నాగపురము, బీరారు ప్రాంతముల ప్రత్తిని పడవలపై సముద్రమునకు దింపవలెనని వారి ఆలోచన. దుమ్ముగూడెము వద్ద రాతిపరుపును తప్పించుటకు ఆనకట్టయు, పడవల తలుపుకాలువయు నిర్మించిరి. ఈ నదీతీరమంతయు ఎగువ గోదావరి అను పేర ఒక జిల్లా అయ్యెను. ప్రాణహిత సంగమము కడనున్న సిరొంచ దానికి ముఖ్యస్థానము. ఆ జిల్లా మధ్యపరగణాల రాష్ట్రములో చేరినది.

ఈలోగా నాగపురమునకు రైలు వచ్చెను. ప్రత్తి రైలెక్కి బొంబాయికి పోయెను. 1871లో గోదావరి జలమార్గపు పనులు నిలిపివేయబడినవి. మూడేండ్లకు, అనగా 1874లో, ఎగువ గోదావరి జిల్లాయే రద్దయ్యెను. సిరొంచ చాందా జిల్లాకు పోయెను. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసెను. నూగూరు, ఆల్బాక, చర్ల ప్రాంతములు మరికొంతకాలము మధ్యపరగణాలలోనే యుండి, ఇరువదవ శతాబ్దపు మొదటి దశకములో మదరాసువైపు వచ్చినవి. పడవల కొరకు పుట్టిన జిల్లా పడవలు రాకపోవుటచే పోయినది. ప్రజలు మాత్రము ఉన్నచోటనే యున్నారు.

ఖర్చు ఎవరి పద్దున పడినదో ఇప్పుడు చూతము. మధ్యపరగణాల పాలనలో రేకపల్లి కొండవారు పోడు కొట్టుకొనుటకు గొడ్డలి యొక్కింటికి నాలుగణాల పన్ను కట్టుచుండిరి. అడవిలో దాదాపు ఇచ్చవచ్చిన చోట పోడు చేసికొనుచుండిరి. మదరాసు పాలనలోనికి వచ్చిన పిదప ఆ పన్ను సుమారు మూడింతలయ్యెను. కొన్ని అడవులలో పోడు నిషేధింపబడెను. అదే గొడ్డలి, అదే కొండ, అదే చోళ్ళ పంట. మారినది జిల్లా యొక్కటియే. 1879లో రంప సీమలో ఫితూరీ లేచినప్పుడు అది రేకపల్లికి ప్రాకుటకు ఈ పన్నే ముఖ్యకారణము. కావున జిల్లా మార్పు కాగితము మీది వ్యవహారమనువారు ఈ నాలుగణాల కథను జ్ఞప్తియందుంచుకొనవలెను.

1874 మొదలు ఎనుబదియేండ్లు మన గోదావరి రెండు రాజ్యముల నడుమ ప్రవహించెను. ఈవలి గట్టున హాలీ రూపాయ, ఆవలి గట్టున కల్దారు. ఏడు హాలీలు ఆరు కల్దారులతో సమానము. ఈవలి దస్త్రము ఉర్దూలో, ఆవలి దస్త్రము తెలుగు, ఇంగ్లీషులలో. ఇక్కడ పట్వారీ పహాణీ వ్రాయును, అక్కడ కరణము అడంగలు వ్రాయును. ఇక్కడ ఎకరమునకు నలుబది గుంటలు, అక్కడ నూరు సెంట్లు. గుంట యనగా రెండున్నర సెంట్లు. ఈ చిన్న గుణకారము తెలియనందున ఎన్ని గట్టు తగాదాలు పెరుగగలవో భూమి కొలిచినవారికి విశదమే.

అన్నింటికంటె పెద్ద భేదము భూమి చట్టములో నుండెను. ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనుని భూమి ప్రభుత్వానుమతి లేక గిరిజనేతరునికి చేరరాదని మదరాసువారు 1917లోనే శాసించిరి. నైజాము వైపున అట్టి రక్షణకు 1949 నాటి గిరిజన ప్రాంత నిబంధనలవరకు ఆగవలసివచ్చెను. ఒకే కోయ కుటుంబములో అన్న ఆవలి గట్టున, తమ్ముడు ఈవలి గట్టున నున్నచో, అన్న పొలమునకు కాపు కలదు, తమ్ముని పొలమునకు లేదు.

1948లో నైజాము పాలన ముగిసినది. 1953 అక్టోబరు 1వ తేదీన వరంగల్లు జిల్లానుండి ఖమ్మము, మధిర, ఇల్లందు, పాల్వంచ, బూర్గంపాడు తాలూకాలను వేరుచేసి ఖమ్మం జిల్లాను ఏర్పరచిరి. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించుటతో నది నడుమ రాష్ట్రపు ఎల్ల తొలగెను. 1959లో తూర్పు గోదావరి జిల్లానుండి భద్రాచలము, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో చేర్చిరి. కాకినాడకు పోవలసినవారు ఖమ్మమునకు పోవ మొదలిడిరి. అయినను నదిపై వంతెన లేదు. 1965లో వంతెన ప్రారంభమైన పిదపనే ఆ విలీనము కాగితమునుండి కాలిబాటకు వచ్చినదనవచ్చును. చట్టమునకును అట్లే కాలము పట్టెను. 1959 నాటి గిరిజన భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ప్రాంతమునకు వర్తించెను. 1970 నాటి సవరణ దానిని దృఢపరచెను. ఒకటి బై డెబ్బది యని మన గ్రామములలో నేటికిని పలుకు చట్టమిదియే. ఈ విలీనము వలన గట్టులు రెండును ఒకే చట్టము క్రిందికి వచ్చుట నిస్సంశయముగా లాభమే.

ఏబదియైదేండ్లు గడచినవి. ఒక తరము ఖమ్మమే తమ జిల్లా యని పుట్టి పెరిగినది. 2014లో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టము వచ్చెను. పోలవరము జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడెను. ముంపు గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో నుండవలెనని ఆ చట్టమే చెప్పినది. పిదప మే 29వ తేదీన, అనగా తెలంగాణ అవతరణకు నాలుగు దినములు ముందు, ఒక ఆర్డినెన్సు వెలువడెను. అందు గ్రామములకు బదులుగా మండలములే బదిలీ యయ్యెను. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములు, బూర్గంపాడు మండలములో కొంతభాగము, భద్రాచలము రెవెన్యూ గ్రామము తప్ప ఆ మండలమంతయు అటు పోయినవి. జూలైలో పార్లమెంటు దానిని ఆమోదించెను. తెలంగాణలో బంద్ జరిగెను. ముంపు మండలముల ఆదివాసులు తమ గ్రామసభలను అడుగలేదని మొరపెట్టుకొనిరి.

ఈ సందర్భమున ఉభయపక్షములవారును చరిత్రను సాక్ష్యమునకు పిలిచిరి. 1959 వరకు భద్రాచలము తూర్పు గోదావరిది కాదా యని ఒకరు. నిజమే. కాని కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు ఈవలి గట్టువి. అవి ఏనాడును తూర్పు గోదావరిలో లేవు, నైజాము సీమవి. ఇక 1860కి పూర్వము చూచినచో భద్రాచలమును నైజాముదే గదా యని మరొకరు. అదియు నిజమే. చరిత్రను 1800లో మొదలిడిన నొక తీర్పు, 1900లో మొదలిడిన వేరొక తీర్పు, 1960లో మొదలిడిన మరల మొదటి తీర్పు వచ్చును. వాది కోరిన తేదీని బట్టి తీర్పు మారునట్టి సాక్ష్యముతో ఎల్లలు నిర్ణయింపరాదు. ముంపు నిర్వాసితులకు పునరావాసము కల్పించుట ఒక్క ప్రభుత్వము చేతిలోనుండుట మేలను వాదము ఇంతకంటె బలమైనది. అయితే ఆ వాదమును తూచవలసినది రాజధానులలో గాదు, నిర్వాసితుని ఇంటిలో.

ఖర్చు ఈసారియు పాత పద్దుననే పడినది. ఆ మండలముల ప్రజలు 2014 ఏప్రిల్‌లో ఓటు వేసినది భద్రాచలము, ఖమ్మం జిల్లా ప్రాంతపు అభ్యర్థులకు. జూలైకి వారు ఆంధ్రప్రదేశ్ వాసులైరి. 2019 ఎన్నికలవరకు తాము ఎన్నుకొన్న శాసనసభ్యుడొకడు ఆ రాష్ట్రపు సభలో వారికి లేడు. చింతూరు వైపు మండలములు మరల తూర్పు గోదావరిలో చేరి, 2022లో పాడేరు ముఖ్యస్థానముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారినవి. కుక్కునూరు, వేలేరుపాడు మొదట పశ్చిమ గోదావరికి, 2022లో ఏలూరు జిల్లాకు పోయినవి. ఇటు వాజేడు, వెంకటాపురము 2016లో భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు మారినవి. నూగూరు తాలూకాలో పుట్టిన ముదుసలి యొకడు ఇల్లు విడువకయే నాలుగు జిల్లాలు చూచినాడన్నమాట.

2016 అక్టోబరు 11న మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. భద్రాచలమువారికి ఖమ్మము సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెము సుమారు 40. ఇది విడదీయుటయే అయినను లాభము ప్రజల పద్దున చేరిన విడదీయుట. కావున కలుపుట మంచిది, విడదీయుట చెడ్డది అని గాని, దానికి మారుగా గాని సూత్రము చెప్పరాదు.

భద్రాచల పట్టణము మాత్రము నేడు చుట్టును ఎల్లలతో బిగిసియున్నది. ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నము, కన్నాయిగూడెము, పిచుకలపాడు అను అయిదు పంచాయతీలు దానికి ఇరుగుపొరుగు. కాని అవి పొరుగు రాష్ట్రమువి. పురుషోత్తపట్నములో స్వామివారికి గల ఎనిమిదివందల పైచిలుకు ఎకరములును అటే యున్నవి. భద్రాచలమునుండి పర్ణశాలకు పోవు యాత్రికుడు తెలంగాణలో బయలుదేరి, ఆంధ్రప్రదేశ్ గుండా పోయి, మరల తెలంగాణలో ప్రవేశించును. పట్టణపు చెత్త పోయుటకు చోటు కరవైనది. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వరద ఏ రాష్ట్రపు ఎల్లను చూడలేదు. ఆ అయిదు పంచాయతీలను తిరిగి చేర్పుడను కోరిక ఆ వరద తరువాత మరింత గట్టిగా వినవచ్చినది.

అయిదూళ్ళనగానే ఉద్యోగపర్వము చదివినవారికి పాండవుల కోరిక స్ఫురించును. తిక్కన సోమయాజి ఆ రాయబారమును తెలుగువారి నాలుకపై నిలిపినాడు. అయితే పోలిక సంఖ్యలోనే కలదు, విషయములో లేదు. పాండవులు అయిదూళ్ళను ఏలుటకు అడిగిరి. ఏటపాక రైతు ఏలుబడి యడుగుటలేదు. తాను నడచిపోగల దూరమున నున్న ఆసుపత్రి, బడి, కచ్చేరి తనవి కావలెనని యడుగుచున్నాడు. కౌరవసభలో సూదిమొన మోపినంత నేలయు ఈయనన్న దుర్యోధనుని పట్టుదల ఉభయ ప్రభుత్వములలో ఎవరికిని తగదు.

ఎల్ల గీయువారు అడుగవలసిన ప్రశ్నలు మూడని నాకు తోచుచున్నది. పేదవాడు ఉదయము బయలుదేరి, కచ్చేరిలో పని ముగించుకొని, చీకటి పడకముందు ఇల్లు చేరగలడా? అతని భూమి కాగితము అతనికంటె ముందుగా క్రొత్త కచ్చేరికి చేరినదా? అతనిని అడిగితిరా? ఎగువ గోదావరి జిల్లా ఈ మూడింటను తప్పినది. 1959 విలీనము మొదటిదానిలో వంతెన వచ్చువరకు తప్పి, తరువాత నిలిచినది. 2014 బదిలీ మూడవదానిలో తప్పినది. మిగిలిన రెండింటికి సమాధానము ఆ మండలములవారే చెప్పవలెను.

ప్రభుత్వములు చేయవలసినది వారు చేయుదురు గాక. మనము చేయదగినది ఒకటి కలదు. జిల్లా మారినప్పుడెల్ల దస్త్రములు బండ్లపై తరలును. కొన్ని చేరును, కొన్ని చెదలు పాలగును. ఉర్దూలోని పాత పహాణీ నకలు, తాతగారి పట్టా, 1959కి ముందటి గోదావరి జిల్లా రసీదు మన ఇండ్లలో పెట్టెల అడుగున నున్నవి. చదువలేకపోతిమని వానిని పారవేయవలదు. మన గ్రంథాలయములో వానికొక బీరువా ప్రత్యేకించి, నకళ్ళు తీసి, ఏ ఊరివో ఏ సంవత్సరమువో చీటి వ్రాసి యుంచవలెనని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను. ఉర్దూ చదువగల వృద్ధులు మనలో ఇంకను కొందరున్నారు. వారుండగనే ఈ పని జరుగవలెను. రేపు మరల ఏ జిల్లా పేరు మారినను, తన పొలము తనదేనని చూపుకొనుటకు మన ఊరివాడు దూరపు కచ్చేరి చుట్టు తిరుగనక్కరలేక, ఈ గడప యెక్కిన చాలును.