శాంతి కార్యకర్తకు తొలి పాఠం

మతసామరస్యం మీద తీర్మానాలు చేయడం మన సాహిత్య సభలకు కొత్త కాదు. అయితే ఆ తీర్మానాన్ని నమ్మి, కర్ఫ్యూ సడలించిన రెండు గంటల వ్యవధిలో ఒక గల్లీలోకి నడిచివెళ్లే కార్యకర్తకు ఏమి తెలిసి ఉండాలి, అది అతనికి ఎవరు నేర్పాలి అనే ప్రశ్న మనం వేసుకొన్నది తక్కువ. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచీ, దాన్ని ఆనుకొని ఉన్న తార్నాక నుంచీ పాతబస్తీకి సాగిన దారిని పరిశీలిస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుందని నా అభిప్రాయం.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1990 డిసెంబరులో నేను ఉస్మానియాలో తెలుగు పరిశోధన చేస్తూ తార్నాకలో అద్దెగదిలో ఉండేవాణ్ణి. గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. ఆ నెలలో నగరంలో చెలరేగిన మారణకాండలో వందమందికి పైగా చనిపోయారు. మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పుకొన్నారు. బియ్యం, దుప్పట్లు పంచే ఒక విద్యార్థి బృందంతో నేనూ పాతబస్తీకి వెళ్లాను. నష్టపోయినవారి వివరాలు రాసుకోవడం నా పని. ఒక నడివయసు స్త్రీ తన భర్త దుకాణం ‘పర్సోఁ’ కాలిపోయిందని చెప్పింది. నాకు తెలిసిన కొద్దిపాటి హిందీలో పర్సోఁ అంటే మొన్న. ‘మొన్న కాలిన దుకాణం’ అని రాసుకొన్నాను. సాయంత్రం ఆ జాబితా చూసిన ఒక ఉర్దూ విద్యార్థి, హైదరాబాదీల నోట పర్సోఁ అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, ఆరేళ్ల కిందట కూడా కావచ్చు అన్నాడు. మర్నాడు అతన్ని వెంటబెట్టుకొని వెళ్లి అడిగాను. ఆ దుకాణం కాలింది 1984లో! ఈసారి కాలడానికి వాళ్లకు దుకాణమే లేదు. నేను రాసుకొన్నది ఒక అల్లరిలో జరిగిన నష్టం. ఆమె చెప్పింది రెండు అల్లర్ల మధ్య తిరిగి లేవలేకపోయిన ఒక కుటుంబం కథ.

ఇది నా ఒక్కడి అజ్ఞానమైతే ఇక్కడ రాయనవసరం లేదు. ఉర్దూ మాధ్యమంలో బోధించడానికే పుట్టిన విశ్వవిద్యాలయంలో చదువుకొంటూ, ఆ నగరపు పేదస్త్రీ మాట నాకు అర్థం కాకపోవడానికి చారిత్రక కారణాలు ఉన్నాయి.

1918లో ఉస్మానియా ప్రారంభమైంది. అంతకు ముందటి సంవత్సరమే అనువాద సంస్థ, దారుల్ తర్జుమా, ఏర్పడి పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి దించసాగింది. ఆధునిక శాస్త్రాలను ఒక దేశభాషలో విశ్వవిద్యాలయ స్థాయిలో బోధించవచ్చునని నిరూపించిన ఘనత ఈ సంస్థది. కాని ఆ దేశభాష రాజ్యంలోని అధిక సంఖ్యాకుల భాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ రైతుబిడ్డలకు అది దర్బారు భాష, కచేరీ భాష. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనంలో అజంతా, ఎల్లోరా స్తంభాలను తలపించే స్తంభాలూ, ఇస్లామీ కమానులూ కలిసి నిలిచాయి. అంతకు ఏడాది ముందు, 1938లో, హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు వందలాది విద్యార్థులను విశ్వవిద్యాలయం బయటికి పంపింది. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు నాగపూర్ వెళ్లి చదువు పూర్తి చేసుకోవలసివచ్చింది. రాతిలో సాధ్యమైన సమన్వయం రాజ్యంలో సాధ్యం కాలేదు.

కాబట్టి ఆ భాషాధిపత్యాన్ని తిరస్కరించడం న్యాయమే. అయితే 1948 తర్వాత ఏమి జరిగింది? ఉర్దూ తొలగిన చోట తెలుగు కూర్చోలేదు, ఇంగ్లీషు కూర్చుంది. దివాన్ల ఉర్దూను వదిలించుకొనే ఊపులో మనం రిక్షా కార్మికుని ఉర్దూను కూడా వదులుకొన్నాం. ఈ రెంటికీ తేడా తెలిసినవారు లేకపోలేదు. నిజాం జైలులో మగ్గిన దాశరథే 1961లో గాలిబ్‌ను తెలుగు చేశారు. సామల సదాశివ ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగువారికి చెప్పారు. సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగులో గజల్ రాశారు. పాలకుణ్ణి ద్వేషించడం, భాషను ప్రేమించడం ఒకే మనిషిలో పొసగుతాయని వీరు రుజువు చేశారు. విచారకరమేమంటే, తర్వాతి తరం ఈ వారసత్వాన్ని ముషాయిరాల వినోదంగా మాత్రమే చూసింది.

ఉస్మానియా విద్యార్థి అయిన మఖ్దూం మొహియుద్దీన్ కవి మాత్రమే కాదు, కార్మిక నాయకుడు. 1940లలో హైదరాబాద్ రాష్ట్రపు ట్రేడ్ యూనియన్లను కూడగట్టినవారిలో ముఖ్యుడు. తార్నాకకు ఆనుకొని ఉన్న లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు ఉంది. ఇటువంటి పనిచోట్ల తెలుగువాడూ, ఉర్దూవాడూ, అరవవాడూ ఒకే జీతం కోసం ఒకే గేటు ముందు నిలబడినప్పుడు వారి మధ్య సాగిన మాటకు ఎవరూ ‘మతాంతర సంభాషణ’ అని పేరు పెట్టలేదు. కాని శిక్షణ అంటే అదే.

ఆ బంధం సడలిన తర్వాతి కథ 1978తో మొదలవుతుంది. ఆ మార్చిలో క్యాంపస్‌కు పొరుగుపేట అయిన నల్లకుంట పోలీసుస్టేషన్‌లో రమీజాబీ అత్యాచారానికి గురైంది. రిక్షా తొక్కే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకు చనిపోయాడు. జనం వీధుల్లోకి వచ్చింది పోలీసుల మీద కోపంతో. కాని అదే సంవత్సరం నుంచి నగరంలో మతకలహాలు పెరిగి, 1984 దాకా దాదాపు ఏటా తలెత్తాయి. రాజ్యహింస మీద పుట్టిన ఆగ్రహాన్ని పట్టి నిలిపే ఉమ్మడి సంఘాలు బలహీనపడితే, ఆ ఖాళీలోకి మతరాజకీయం ఎంత సులువుగా ప్రవేశిస్తుందో ఈ క్రమం చెబుతుంది.

ఈ కాలంలోనే చదువుకొన్నవారిలో కదలిక వచ్చింది. 1974లో ఉస్మానియా విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘాన్ని స్థాపించారు. తర్వాత స్త్రీశక్తి సంఘటన, 1985లో అన్వేషి వచ్చాయి. 1980లలో ‘హైదరాబాద్ ఏక్తా’ అనే పౌరవేదిక అల్లర్ల ప్రాంతాల్లో పనిచేసింది. అయితే వీరిలో చాలామంది నావలెనే అల్లరి జరిగాక బస్సెక్కినవారు. తార్నాక నుంచి శాలిబండకు ఉన్నది కొద్ది మైళ్లే. కాని ఆ దూరం మేము సంవత్సరానికి ఒకసారి, కర్ఫ్యూ సడలింపులో మాత్రమే దాటేవాళ్లం.

ఈ లోపాన్ని గుర్తించి పద్ధతి మార్చుకొన్న సంస్థ ఒకటి మన పరిశీలనకు అర్హమైనది. హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోర్‌లో పుట్టింది. ముస్లిముల మధ్య మతప్రచారం చేయబోయే క్రైస్తవులకు ఇస్లాం గురించి బోధించడం దాని ఆనాటి ఉద్దేశం. పలు ఊళ్లు మారి 1970ల మొదట్లో హైదరాబాద్ చేరింది. క్రమంగా ఎదుటివాణ్ణి మార్చడానికి చదివే చదువు, ఎదుటివానితో కలిసి బతకడానికి చదివే చదువుగా మారింది. 1990 అల్లర్ల తర్వాత ఆ సంస్థ సహాయ కార్యక్రమాలతో ఆగక, సుల్తాన్‌షాహిలో హిందూ ముస్లిం కుటుంబాల మధ్య బడి, వైద్యం, కుట్టుపని వంటి నిత్యావసరాల చుట్టూ పని మొదలుపెట్టింది. 1990ల మధ్యలో పాతబస్తీ స్వచ్ఛంద సంఘాలు ‘కోవా’ అనే సమాఖ్యగా కూడాయి. కార్యకర్తల శిక్షణ ఒక శాస్త్రంగా రూపుదిద్దుకొన్నది ఈ దశలోనే.

ఇటువంటి ఒక శిబిరంలో నేనూ కూర్చున్నాను. గ్రంథాల్లోని మంచిమాటలు వల్లె వేయిస్తారనుకొన్నాను. కాని మొదటి అభ్యాసం వేరు. ఎదుటివాడు చెప్పింది నువ్వు తిరిగి చెప్పాలి. ‘అవును, నేనన్నది ఇదే’ అని అతను ఒప్పుకొన్నాకే నీ జవాబు. ముప్ఫైమందిలో మొదటిసారికి నెగ్గినవారు ఇద్దరు ముగ్గురు. రెండవది పుకారును వెనక్కి నడిపించడం: ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు, కళ్లతో చూసినవారెవరు? మూడవది పేట పటం గీయడం: నీళ్ల పంపు, కల్లు దుకాణం, ఊరేగింపు మలుపు, తగాదాలో ఉన్న జాగా, దానికోసం కాచుకొన్న వ్యాపారి. పటం పూర్తయ్యేసరికి ‘మతకలహం’ అనే మాటలో మతం ఎంత, భూమి ఎంత, ఓటు ఎంత అన్నది విడివిడిగా కనిపించసాగింది.

మన అభ్యుదయ శిబిరంలో కొందరు ఈ శిక్షణను తేలికగా చూస్తారు. వర్గపోరాటం పదునెక్కితే మతతత్వం దానంతట అదే పోతుందన్నది వారి వాదం. మరికొందరు శాంతివాదులు మనసులు మారితే చాలునంటారు. పోచంపల్లిలో 1951లో భూదానం ప్రారంభించిన వినోబా 1957లో శాంతిసేనను స్థాపించినప్పుడు ఆధారపడింది ఈ నైతికశక్తి మీదనే. రెండు వాదాలూ అసంపూర్ణాలే. 2002లో వెలువడిన గ్రంథంలో అశుతోష్ వార్ష్ణేయ హైదరాబాద్‌ను లక్నోతో పోల్చారు. లక్నో కుట్టుపని పరిశ్రమలో హిందూ వర్తకుడు, ముస్లిం పనివాడు ఒకరి మీద ఒకరు ఆధారపడి ఉండటం అక్కడి శాంతికి ఒక కారణమన్నారు. నగరాల్లో పలకరింపులు చాలవు, ఉమ్మడి సంఘాలు కావాలన్నది ఆయన సారాంశం. వర్తకుడి లాభంలో పనివాడి శ్రమ ఎంత అనే ప్రశ్న ఆయన గట్టిగా వేయలేదు, అది మనం వేయాలి. అయినా మూలసూత్రం మన అనుభవానికి సరిపోతుంది. శిక్షణ పొందిన కార్యకర్త వెళ్లి నిలబడటానికి ఒక యూనియనో, ఒక బడి కమిటీయో, ఒక మహిళాసంఘమో లేకపోతే శిబిరంలో నేర్చినది శిబిరంలోనే మిగిలిపోతుంది.

సాహిత్యానికి ఇందులో పని ఉంది. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో, ‘జల్‌జలా’ సంకలనం 1998లో, ముస్లిం కథల ‘వతన్’ 2004లో వచ్చాయి. అవి తెలుగు పాఠకుణ్ణి, అతని భాషలోనే, అతని ఇంటిలోనే నిలదీశాయి. మనలో చాలామంది వాటికి జవాబు చెప్పడానికి తొందరపడ్డాం. వారు చెప్పింది తిరిగి చెప్పి, ‘అవును, నేనన్నది ఇదే’ అనిపించుకొన్న విమర్శకులు ఎందరు? శిబిరంలో మొదటి అభ్యాసం మన విమర్శకు కూడా మొదటి పాఠమే.

ఆ పాత జాబితా నా దగ్గర ఇంకా ఉంది. ‘మొన్న’ అన్న మాట కొట్టివేసి పైన ‘1984’ అని రాసిన చోట సిరా అలికింది. సాహిత్య విద్యార్థులతో నేను అనేది ఒక్కటే. మతసామరస్యం మీద కవిత రాయడానికి ముందు ఆరు నెలలు ఉర్దూ నేర్చుకోండి, కర్ఫ్యూ లేని రోజున పాతబస్తీ బస్సెక్కండి. అక్కడ ఎవరైనా పర్సోఁ అంటే రాసుకోకండి. ఏ పర్సోఁ అని అడగండి.