లెక్కించడానికి సొమ్మెవరిది?



ఒక తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తంలో 40 మంది గాని అన్యభాషా విద్యార్థులుంటే వారి మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. రాష్ట్రేతర ప్రాంతాలలోని మన బడులకు ఆ అంకెలు ఎంతటివో మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే లెక్కించడమనేది ఊరకే జరిగే పని కాదు. దానికి శిక్షణ పొందిన మనుషులు కావాలి, ధనం కావాలి. దేశాల లెక్కలకు ఆ ధనం పలుమార్లు పరదేశాల నుండి వచ్చింది. ఆ చరిత్రను ఒకసారి తిరిగి చూద్దాం.

మొదట మనం పుచ్చుకొన్నవారం కాము, ఇచ్చినవారం. 1931లో కలకత్తాలో భారతీయ గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, బెంగాలులో జనపనార పంట విస్తీర్ణాన్ని పొలం పొలమూ తిరగకుండా, ఎంపిక చేసిన కొన్ని తావులను మాత్రమే కొలిచి అంచనా కట్టే పద్ధతిని అభివృద్ధి చేశారు. పేద దేశానికి తగిన పద్ధతి అది. 1947లో ఐక్యరాజ్యసమితి నమూనా సర్వేల ఉపసంఘాన్ని ఏర్పరచినప్పుడు ఆయనే దానికి అధ్యక్షులయ్యారు. 1950లో యునెస్కో తోడ్పాటుతో కలకత్తాలో అంతర్జాతీయ గణాంక విద్యాకేంద్రం వెలసింది. ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రభుత్వోద్యోగులు అక్కడికి వచ్చి చదువుకొని వెళ్లారు. విదేశీ తిండిగింజల కోసం ఎదురుచూస్తున్న రోజులలోనే మన దేశం ఇతరులకు లెక్కలు నేర్పింది!

ఆ సంస్థలోనే ఎదిగారు మన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. 1920లో ఆయన పుట్టిన హడగళి ఆనాడు మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాది, నేడు కర్ణాటకలో ఉన్నది. కర్ణాటకలోని పాఠకులు ఈ మాట పిల్లలకు తప్పక చెప్పండి. గూడూరు, నూజివీడు, నందిగామలలో బడిచదువు, విశాఖలో గణితం, ఆపై కలకత్తా. ఆసియా దేశాలకు ఎందరు గణాంక నిపుణులు కావాలో పరిశీలించిన ఐక్యరాజ్యసమితి సంఘానికి ఆయన నాయకత్వం వహించారు. దాని ఫలితంగానే 1970లో టోక్యోలో ఆసియా గణాంక సంస్థ ఏర్పడింది. ఆయన 2023లో, 102 ఏళ్ల వయసున కన్నుమూశారు.

తరువాత ప్రవాహం దిశ మారింది. 1984లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యు.ఎస్.ఎయిడ్ ధనంతో జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమం మొదలై 90కి పైగా దేశాలకు వ్యాపించింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తొలివిడత, 1992–93లో, ఆ సంస్థ సాయంతోనే జరిగింది. జనన మరణాల నమోదు సరిగా లేని ప్రాంతాలలో శిశుమరణాల సంగతి ఇటువంటి సర్వేల వల్లనే తెలిసింది. ఆ మేలును కాదనలేము. కాని ప్రశ్నలలో అధికభాగం అన్ని దేశాలకూ ఒకే మూసలోనివి. దాత తెలుసుకోగోరినది ముందు వరుసలో ఉంటుంది.

1999లో పారిస్-21 అనే భాగస్వామ్యం, 2004లో మరాకేష్ కార్యప్రణాళిక, ఇవన్నీ పేద దేశాల గణాంక శాఖలను బలపరచడానికి పుట్టినవే. 2015 నాటి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17, వాటి ఉపలక్ష్యాలు 169. వాటిలో 17.18వ ఉపలక్ష్యాన్ని మీరు శ్రద్ధగా చదవాలి. గణాంకాలను ఆదాయం, లింగం, వయస్సు, జాతి, తెగ, వలస, వైకల్యం, నివాసప్రాంతం అనే భేదాలతో విడదీసి చూపడానికి దేశాలకు సాయం చేయాలని అందులో ఉన్నది. భాష పేరు లేదు. ఆయా దేశాల పరిస్థితులకు తగిన ‘ఇతర లక్షణాలు’ అన్న మాటలో దానిని ఇముడ్చుకోవాలి, అదీ ప్రభుత్వాలు తలచుకుంటే.

2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఆ జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమాన్ని రద్దు చేసింది. పొలిమేర అవతలి కాలువను నమ్మి నాటిన వరి వంటిదైంది అనేక దేశాల పరిస్థితి. మన దేశం అప్పటికే క్రమక్రమంగా తన సర్వే భారాన్ని తానే వహించసాగింది గనుక మనకు అంతటి దెబ్బ తగలలేదు.

సొంత సొమ్ముతో చేసే జనగణనలో మాతృభాష గడి మనకు ఉన్నది. 2011లో ఆ గడి తెలుగువారిని 8.11 కోట్లుగా చూపింది. 2021లో జరగవలసిన గణన వాయిదా పడగా, 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. ఇంట తెలుగే మాట్లాడుతూ, ఏ చిక్కూ ఉండదని ఆ గడిలో చుట్టుపక్కల భాష పేరు వ్రాయించే కుటుంబాలను నేనెరుగుదును. బడి దరఖాస్తులోనూ వారు అదే వ్రాయిస్తారు. ఆ బిడ్డ 10 మంది లెక్కలోకి రాడు.