క్లోమ శస్త్రచికిత్సానంతర గాయపు ఇన్ఫెక్షన్లు

క్లోమ శస్త్రచికిత్స తరువాత కోత పెట్టిన చోట గాని, ఉదరము లోపల గాని బాక్టీరియా చేరి చీము పట్టడాన్ని క్లోమ శస్త్రచికిత్సానంతర గాయపు ఇన్ఫెక్షన్ అంటారు. ఇది సాధారణంగా 30 రోజుల లోపల బయటపడుతుంది. యాంటీబయాటిక్ మందులకు లొంగని బాక్టీరియా పెరగడం వలన దీని నివారణ, చికిత్స కష్టతరమవుతున్నాయి.

శస్త్రచికిత్స

క్లోమము జీర్ణాశయము వెనుక ఉండే గ్రంథి. దీని తలభాగములో క్యాన్సర్ వచ్చినపుడు చేసే ప్రధాన శస్త్రచికిత్సను విప్పిల్ శస్త్రచికిత్స అంటారు. జర్మనీ వైద్యుడు వాల్టర్ కౌష్ 1909లో ఇటువంటి శస్త్రచికిత్స చేశాడు. అమెరికా వైద్యుడు అలెన్ విప్పిల్ 1935లో తన పద్ధతిని ప్రకటించాడు. ఇందులో క్లోమపు తల, ఆంత్రమూలము, పిత్తాశయము, పైత్యరస నాళములో కొంత భాగము తొలగించి, మిగిలిన భాగాలను చిన్నప్రేగుకు కలిపి కుడతారు.

కారణాలు

* ప్రేగులను, పైత్యరస నాళాన్ని తెరవడం వలన అక్కడి బాక్టీరియా గాయములోనికి చేరుతుంది.
* కుట్ల వద్ద క్లోమరసము కారితే చుట్టూ ఉన్న కణజాలము దెబ్బతిని చీము పడుతుంది.
* పచ్చకామెర్లు తగ్గించడానికి శస్త్రచికిత్సకు ముందు నాళములో స్టెంట్ అనే గొట్టము అమర్చుతారు. దీని ద్వారా ప్రేగులోని బాక్టీరియా పైత్యరసములోనికి ప్రవేశిస్తుంది. 2010లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనములో ముందుగా స్టెంట్ అమర్చిన వారిలో 74 శాతము మందికి, నేరుగా శస్త్రచికిత్స చేసిన వారిలో 39 శాతము మందికి తీవ్రమైన చిక్కులు ఏర్పడ్డాయి.

మందు ఎంపిక

కోతకు ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇవ్వడం ఆనవాయితీ. అయితే ఎంటెరోకాకస్ అనే బాక్టీరియా సహజంగానే సెఫలోస్పోరిన్ మందులకు లొంగదు. అమెరికా, కెనడాలలోని 26 ఆసుపత్రులలో 778 మంది రోగులపై జరిగిన అధ్యయనము 2023లో వెలువడింది. సెఫాక్సిటిన్ పొందినవారిలో 32.8 శాతము మందికి, పిపరాసిలిన్-టాజోబాక్టమ్ పొందినవారిలో 19.8 శాతము మందికి గాయపు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఈ ఫలితాన్ని అన్నిచోట్ల యథాతథంగా అనుసరించడానికి వీలులేదు. ఒక ఆసుపత్రిలోని బాక్టీరియా రెండవ మందుకు కూడా లొంగకపోతే అక్కడ దానివలన ప్రయోజనము తగ్గిపోతుంది. కనుక ప్రతి ఆసుపత్రి తన రోగుల పైత్యరసాన్ని, చీమును కల్చర్ పరీక్ష చేసి, స్థానిక ఫలితాలను బట్టి మందు నిర్ణయించుకోవాలి.

తెలుగు ప్రాంతాలు

భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనా సంచాలకుడుగా ఉన్న కాలములో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో ప్రకటించిన ఈ మందు టెట్రాసైక్లిన్ వర్గములో మొదటిది. ఈ వర్గపు మందులకు కూడా తరువాతి కాలములో నిరోధకత ఏర్పడింది.

హైదరాబాదు సమీపములోని పటాన్‌చెరు వద్ద, సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రము నుండి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. ఇది చికిత్స పొందే రోగి రక్తములో ఉండే పరిమాణము కంటే ఎక్కువ. ఆ ప్రాంతపు నదీ మట్టిలో నిరోధక జన్యువులు అధికంగా ఉన్నట్లు 2011లో తేలింది. ఇటువంటి జన్యువులు ఒక బాక్టీరియా నుండి మరొకదానికి సంక్రమించగలవు.

రోగులు గమనించవలసినవి

ఈ శస్త్రచికిత్స పెద్ద ఆసుపత్రులలోనే జరుగుతుంది. రాయలసీమలోని మంగంపేట వంటి చోట్ల నుండి దూరము వెళ్ళి చేయించుకున్న వారికి ఇల్లు చేరిన తరువాత ఇన్ఫెక్షన్ బయటపడవచ్చును. జ్వరము, గాయము ఎర్రబడడం, వాపు, చీము, పెరిగే నొప్పి దీని లక్షణాలు. ఇవి కనిపిస్తే మందుల దుకాణములో అడిగి మాత్రలు కొనుక్కొనక, శస్త్రచికిత్స చేసిన వైద్యుని సంప్రదించాలి. కల్చర్‌కు నమూనా తీయకముందే వేసుకొన్న మాత్రల వలన బాక్టీరియా పరీక్షలో దొరకకపోవచ్చును.

2014 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారము కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మకపు వివరాలను మూడు సంవత్సరాలు భద్రపరచాలి.