రేఖ, రంగు, రాజకీయం: యు.పి.ఎ. యానిమేషన్ చిత్రాలు (1944–1961)

వ్యాససంగ్రహం:

రెండవ ప్రపంచయుద్ధం తరువాతి దశాబ్దంలో అమెరికన్ యానిమేషన్ రూపురేఖలను మార్చిన సంస్థ యునైటెడ్ ప్రొడక్షన్స్ ఆఫ్ అమెరికా (యు.పి.ఎ.). చదునైన బొమ్మలు, పొదుపైన కదలిక, లోకవాస్తవంతో నిమిత్తం లేని రంగులు ఈ సంస్థ చిత్రాలకు గుర్తులు. ఈ శైలిని ఆధునిక చిత్రకళా ప్రభావంగా కొందరు, ఖర్చు తగ్గించుకొనే ఉపాయంగా మరికొందరు వివరిస్తూ వచ్చారు. ఆ రెండూ కొంతవరకే నిజం. ఈ శైలి ప్రధానంగా కార్మికోద్యమంలోను, యుద్ధకాలపు బోధనాచిత్రాలలోను రూపుదిద్దుకొన్నదని, ఆ మూలంతో సంబంధం తెగిన తరువాత రూపం మాత్రమే మిగిలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యు.పి.ఎ., యానిమేషన్, డిస్నీ సమ్మె, జాన్ హబ్లీ, రాబర్ట్ కానన్, మెకార్థీ యుగం, రూపం–వస్తువు.

1. సమ్మె నుంచి స్టూడియోకు

1941 మే 29న కాలిఫోర్నియాలోని బర్బాంక్ పట్టణంలో వాల్ట్ డిస్నీ స్టూడియో ముందు చిత్రకారులు సమ్మెకు దిగారు. 1937లో వచ్చిన 'స్నో వైట్' సంస్థకు పెద్దలాభం తెచ్చింది. ఆ డబ్బుతో కొత్త భవనాలు లేచాయి. కాని యుద్ధంవల్ల ఐరోపా మార్కెట్టు చేజారి, తరువాతి చిత్రాలు నష్టపోయాయి. జీతాలలో విపరీతమైన వ్యత్యాసాలు, తెరపై పేరు దక్కకపోవడం అప్పటికే అసంతృప్తిని రగిలిస్తున్నాయి. సంఘం పెట్టుకొన్నందుకు ఆర్ట్ బాబిట్ వంటి అగ్రశ్రేణి యానిమేటర్‌ను తొలగించడంతో అది బద్దలైంది. సమ్మె ముగిశాక కూడా ఆ చీలిక మానలేదు. డేవిడ్ హిల్బర్‌మన్, జాకరీ ష్వార్ట్జ్, స్టీఫెన్ బొసుస్తో, జాన్ హబ్లీ తదితరులు డిస్నీ గూటికి దూరమయ్యారు.

వీరి విభేదం జీతాలతో ఆగలేదు. డిస్నీ సౌందర్యదృష్టి నునుపుదనం మీద, బరువు మీద, జీవకదలికను అచ్చంగా తలపించడం మీద నిలిచింది. 1942లో విడుదలైన 'బాంబీ' దానికి పరాకాష్ఠ. జింకపిల్ల జింకపిల్లలాగే నడవాలి, ఆకు మీద నీటిబొట్టు నీటిబొట్టులాగే జారాలి. యువచిత్రకారులు మాత్రం పికాసోను, మతీస్‌ను, పాల్ క్లేను చూసి పెరిగినవారు. కెమెరా క్షణంలో పట్టగల దృశ్యాన్ని వేల బొమ్మలతో మళ్ళీ గీయడం ఎందుకన్నది వారి ప్రశ్న.

1943లో హిల్బర్‌మన్, ష్వార్ట్జ్, బొసుస్తో కలిసి 'ఇండస్ట్రియల్ ఫిల్మ్ అండ్ పోస్టర్ సర్వీస్' అనే చిన్న సంస్థను నెలకొల్పారు. తరువాత యు.పి.ఎ.గా మారింది ఇదే. పేరులోనే దీని స్వభావం ఉంది: పరిశ్రమ, పోస్టరు, సేవ. అది యుద్ధకాలం. సైన్యానికి, కర్మాగారాలకు బోధనాచిత్రాలు కావాలి. హబ్లీ వంటివారు సైనిక చలనచిత్ర విభాగంలో అదే పని చేస్తున్నారు. విమానచోదకుడికి ఒక ప్రమాదాన్ని వివరించాలంటే విమానం కండపుష్టితో కనబడనక్కరలేదు. ఒక బాణం, ఒక పటం, ఒక సన్నని గీత చాలు. వ్యవధి తక్కువ, డబ్బు తక్కువ, చెప్పవలసిన విషయం మాత్రం స్పష్టంగా చేరాలి. బొమ్మ ఇక్కడ అలంకారం కాదు, వాదం. హబ్లీ, ష్వార్ట్జ్ 1946లో 'హాలీవుడ్ క్వార్టర్లీ' పత్రికలో కలిసి రాసిన వ్యాసం ఈ అనుభవాన్నే సిద్ధాంతీకరించింది. యానిమేషన్ కొత్త భాషను నేర్చుకొంటున్నదన్న ఆ వ్యాసశీర్షికలో 'భాష' అన్న మాట యాదృచ్ఛికం కాదు. అనుకరించే కళగా కాక అర్థం చెప్పే వ్యవస్థగా వారు యానిమేషన్‌ను చూశారు.

2. సంఘం కోసం తీసిన బొమ్మలు

ఈ బృందానికి పేరు తెచ్చిన తొలిచిత్రం 'హెల్-బెంట్ ఫర్ ఎలక్షన్' (1944). రూజ్వెల్ట్ తిరిగి ఎన్నిక కావాలని మోటారు కార్మికుల సంఘం (యు.ఎ.డబ్ల్యు.) దీనిని తీయించింది. దర్శకుడు చక్ జోన్స్. పగలు వార్నర్ స్టూడియోలో పనిచేస్తూ రాత్రివేళల్లో దీనిని తీశాడు. కథ సూటిగా ఉంటుంది. రూజ్వెల్ట్ ముఖాన్ని ధరించిన వేగవంతమైన రైలు ఒకవైపు, పాతకాలపు డొక్కు రైలు మరోవైపు. సరైన రైలుకు దారి ఇవ్వవలసిన పాయింట్స్‌మన్ జో నిద్రలో జోగుతుంటాడు. ప్రచారచిత్రమే అయినా ఓటరును పట్టాల లీవరు పట్టుకొన్న కార్మికుడిగా రూపించడం దీని సారం.

ఇంతకంటె లోతైనది 'బ్రదర్‌హుడ్ ఆఫ్ మ్యాన్' (1946). దీనినీ అదే సంఘం తీయించింది. దర్శకుడు రాబర్ట్ కానన్. మానవశాస్త్రవేత్తలు రూత్ బెనెడిక్ట్, జీన్ వెల్ట్‌ఫిష్ 1943లో రాసిన 'ది రేసెస్ ఆఫ్ మ్యాన్‌కైండ్' అనే చిన్నపుస్తకం దీనికి ఆధారం. జాతుల మధ్య తెలివిలో పుట్టుకతో వచ్చే తేడా లేదని వాదించిన ఆ పుస్తకాన్ని అమెరికన్ సైన్యం తన సిబ్బందికి పంచాలనుకొని, చట్టసభ సభ్యుల అభ్యంతరాలవల్ల వెనక్కి తగ్గింది. సైన్యం జంకిన మాటను కార్మికసంఘం తెరకెక్కించింది.

చిత్రంలో ఒక సామాన్య శ్వేతజాతీయుడు నిద్రలేచేసరికి ప్రపంచంలోని జాతులన్నీ అతని ఇంటి ముంగిట ఉంటాయి. స్నేహంగా ముందడుగు వేయబోతే అతనిలో దాగిన పచ్చటి ఆకారం ఒకటి బయటికి వచ్చి అనుమానాలు నూరిపోస్తుంది. అలాంటి ఆకారం అందరిలోనూ ఉంటుంది. దుర్మార్గుడు ఎవరో ఒకడు కాదు, భయం అందరి లోపలా ఉందన్న సూక్ష్మమైన ఆలోచన ఇది. బొమ్మల తీరు ఈ వాదానికి అతికినట్లు సరిపోయింది. సన్నని ఒంటిగీతతో, గుండ్రదనం లేకుండా గీసిన ఆ మనుషులందరి శరీరనిర్మాణం దాదాపు ఒక్కటే, రంగు వేరు. చర్మం రంగు పైపూతేనని మాటల్లో చెప్పే పని సగం గీతే చేసింది. నునుపైన డిస్నీ శైలిలో ఈ వాదాన్ని ఇంత సూటిగా చెప్పడం సాధ్యమయ్యేది కాదు. స్క్రిప్టు రాసినవారిలో ఒకరైన రింగ్ లార్డ్‌నర్ జూనియర్ మరుసటి ఏడాదికల్లా 'హాలీవుడ్ టెన్'లో ఒకడయ్యాడు.

3. మాట రాని బాలుడు

యుద్ధం ముగియడంతో ప్రభుత్వపు పనులు తగ్గాయి. హిల్బర్‌మన్, ష్వార్ట్జ్ తమ వాటాలు బొసుస్తోకు అమ్మి వెళ్ళిపోయారు. 1948లో కొలంబియా పిక్చర్స్‌తో ఒప్పందం కుదిరి సంస్థ థియేటర్లలోకి అడుగుపెట్టింది. కొలంబియాకు చెందిన నక్క–కాకి పాత్రలతో హబ్లీ తీసిన మొదటి రెండు చిత్రాలకూ ఆస్కార్ ప్రతిపాదనలు దక్కాయి. ఆ తరువాత సొంతకథలకు అనుమతి దొరికింది.

'జెరల్డ్ మెక్‌బోయింగ్-బోయింగ్' (1950) ఆ స్వేచ్ఛకు ఫలం. డాక్టర్ స్యూస్‌గా ప్రసిద్ధుడైన థియొడోర్ గీజెల్ కథ ఇది. ఫిల్ ఈస్ట్‌మన్, బిల్ స్కాట్ చిత్రానువాదం చేశారు. రూపకల్పన బిల్ హర్ట్జ్‌ది, సంగీతం గెయిల్ క్యూబిక్‌ది, దర్శకత్వం కానన్‌ది. జెరల్డ్‌కు మాటలు రావు. నోరు తెరిస్తే రకరకాల చప్పుళ్ళు వస్తాయి. తల్లిదండ్రులు సిగ్గుపడతారు, బడి వెనక్కి పంపుతుంది, తోటిపిల్లలు వెలివేస్తారు. రాత్రివేళ ఇల్లు విడిచిపోతున్న అతనిని రేడియో స్టేషన్ యజమాని చేరదీస్తాడు. అక్కడ అతని చప్పుళ్ళే కళ అవుతాయి.

ఏడు నిమిషాలలోపు ముగిసే ఈ చిత్రాన్ని నిదానంగా చూడాలి. గదికి గోడలు కనిపించవు. నేలకు, గోడకు మధ్య గీత లేదు. ఒక కుర్చీ, ఒక కిటికీ, ఒక దీపం ఉంటే అది ఇల్లు. మిగిలిందంతా ఒకే రంగు పరచిన ఖాళీ. ఆ రంగు స్థలాన్ని కాక మనఃస్థితిని సూచిస్తుంది. తండ్రి కోపం వచ్చినప్పుడు ఒక వర్ణం, బాలుడి ఒంటరితనానికి మరొకటి. దృశ్యం మారేటప్పుడు కత్తిరింపు కూడా అక్కరలేదు. పాత్రలు ఉండగానే చుట్టూ ఉన్నది మారిపోతుంది. ఇల్లు విడిచిన రాత్రి తెర దాదాపు చీకటవుతుంది. అంత నల్లదనంలో చిన్న గీతలాంటి పిల్లవాడు. ఇక్కడ బొమ్మల పొదుపు, కథలోని లోటు ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తాయి. మాట లేని బాలుడి కథను వివరాలు లేని తెర చెబుతుంది. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుడి మాట తెలిసిన పాఠకులు దీనిని సులభంగా గుర్తిస్తారు.

ఈ చిత్రం 1950వ సంవత్సరానికి ఆస్కార్ గెలుచుకొంది. డిస్నీయే గీటురాయిగా ఉన్న రంగంలో ఇదొక మలుపు. 'జెరల్డ్' చిత్రకారులు పొదుపుగా కదిలించింది చేతకాక కాదు. వారిలో అనేకులు డిస్నీలో సెకనుకు 24 ఫ్రేముల సంపూర్ణచలనాన్ని సాధించినవారే. ఎక్కడ కదలిక అవసరమో ఎక్కడ నిశ్చలత అవసరమో నిర్ణయించే స్వేచ్ఛను వారు కోరుకొన్నారు.

ఆ తరువాత ప్రతి చిత్రానికీ దాని కథకు తగిన వేరువేరు రూపాన్ని వెతకడం సంస్థలో నియమమైంది. 'ఎ యూనికార్న్ ఇన్ ది గార్డెన్' (1953)లో జేమ్స్ థర్బర్ సొంతగీతల వణుకునే నిలిపారు. 'ది టెల్-టేల్ హార్ట్' (1953) ఎడ్గార్ ఎలన్ పో కథకు పాల్ జూలియన్ గీసిన నల్లటి, పగుళ్ళుబారిన ప్రపంచం. జేమ్స్ మేసన్ గొంతు. బ్రిటన్‌లో దానికి పెద్దలకు మాత్రమే అనే ధ్రువపత్రం ఇచ్చారు. కార్టూను అంటే పిల్లల సరదా అన్న నమ్మకానికి అంతకంటె గట్టి దెబ్బ ఏముంటుంది?

4. సాక్ష్యాల కాలం

1947 అక్టోబరులో ప్రతినిధుల సభకు చెందిన 'అన్-అమెరికన్' కార్యకలాపాల విచారణసంఘం ముందు వాల్ట్ డిస్నీ సాక్ష్యం చెప్పాడు. 1941 సమ్మె వెనుక కమ్యూనిస్టులున్నారని చెబుతూ హిల్బర్‌మన్ పేరు తీశాడు. 1951లో విచారణలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి పాత సహోద్యోగులే ఒకరి పేరు ఒకరు చెప్పవలసిన స్థితి.

హబ్లీ 'రూటీ టూట్ టూట్' (1951) ఆ ఏటిదే. ఫ్రాంకీ–జానీ జానపదగేయం ఆధారంగా తీసిన కోర్టు కథ ఇది. ఫిల్ మూర్ జాజ్ సంగీతం కూర్చాడు. ప్రియుడిని కాల్చిందన్న ఆరోపణపై ఫ్రాంకీ బోనులో నిలుస్తుంది. ఒక్కో సాక్షి చెప్పినప్పుడు ఆ సంఘటన ఒక్కో రూపంలో, ఒక్కో రంగులో మారుతుంది. రంగులు గీతలను దాటి బయటికి ఒలుకుతాయి. వాంగ్మూలం సత్యం కాదు, చెప్పేవాడి చూపు అని ఆ ఒలుకుడే తెలుపుతుంది. నిర్దోషిగా విడుదలైన ఫ్రాంకీ, మరొకతెతో నర్తిస్తున్న తన న్యాయవాదిని అక్కడికక్కడే కాల్చేస్తుంది. దీనిని విచారణసంఘంపై అన్యాపదేశంగా చదవడం అతివ్యాఖ్య కావచ్చు. కాని సాక్ష్యాలతో మనుషుల బతుకులు తలకిందులవుతున్న కాలంలో, సాక్ష్యాన్నే వస్తువుగా తీసుకొన్న చిత్రం ఆ కాలస్పృహ లేకుండా పుట్టిందనడం అంతకంటె కష్టం.

1952లో అనుమానితులను తొలగించమని కొలంబియా నుంచి ఒత్తిడి వచ్చింది. పంపిణీ ఒప్పందం పోతే సంస్థ మూతపడుతుంది. బొసుస్తో లొంగాడు. హబ్లీ వెళ్ళిపోయాడు. ఈస్ట్‌మన్, స్కాట్ కూడా వెళ్ళారు. సమ్మె నుంచి పుట్టిన సంస్థ, సమ్మె చేసినవారిని వదులుకొని బతికింది.

5. మగూ చూపు

బయటికి మాత్రం విజయాలు ఆగలేదు. 1955లో న్యూయార్క్ ఆధునిక కళాసంగ్రహాలయం యు.పి.ఎ. రచనలతో ప్రదర్శన ఏర్పాటు చేసింది. 1956వ సంవత్సరపు ఆస్కార్ యానిమేషన్ విభాగంలో ప్రతిపాదించిన మూడు చిత్రాలూ ఈ సంస్థవే. గెలిచినది 'మిస్టర్ మగూస్ పడిల్ జంపర్'.

మగూ కథ విడిగా చెప్పుకోదగినది. 1949 నాటి 'రాగ్‌టైమ్ బేర్' చిత్రంలో హబ్లీ బృందం సృష్టించిన ఈ వృద్ధుడు ఎలుగుబంటిని తన మేనల్లుడనుకొంటాడు. చూపు తక్కువ కావడం అందులో సగం హాస్యమే. మిగతా సగం, తాను పొరబడి ఉండవచ్చునని ఒక్క క్షణమైనా ఒప్పుకోని అతని మొండితనంలో ఉంది. జిమ్ బాకస్ గొంతు ఆ అహంకారానికి ప్రాణం పోసింది. తరువాతి చిత్రాలలో కోపిష్ఠి క్రమంగా ముద్దొచ్చే తాతయ్య అయ్యాడు. మూర్ఖత్వంపై వ్యంగ్యం పోయి కంటిచూపుపై పరిహాసం మిగిలింది. థియేటర్లలో లఘుచిత్రాల గిరాకీ పడిపోతున్న రోజుల్లో కొలంబియాకు కావలసింది నమ్మకంగా అమ్ముడుపోయే ఆ పాత్రే.

ఈ దశలో అందరినీ బొసుస్తో ఖాతాలో వేయడం న్యాయం కాదు. 1956 డిసెంబరులో సి.బి.ఎస్.లో మొదలైన 'జెరల్డ్ మెక్‌బోయింగ్-బోయింగ్ షో' ప్రయోగశీలమైన కార్యక్రమమే. దానికి ప్రేక్షకులు చాలలేదు. 1957 చివరలో హనా–బార్బెరా 'రఫ్ అండ్ రెడీ'తో టెలివిజన్‌కు పరిమితచలనాన్ని తెచ్చారు. చదునైన బొమ్మ, కదలని శరీరం, కదిలే పెదవి. పైకి చూస్తే యు.పి.ఎ. వ్యాకరణమే. కాని అక్కడ ఖాళీ ఖర్చు తగ్గించడానికి మాత్రమే ఉంది. 'జెరల్డ్'లో ఖాళీ ఏదో చెబుతుంది.

వెళ్ళిపోయినవారి దారులు వేరు. పి.డి. ఈస్ట్‌మన్ 1960లో 'ఆర్ యూ మై మదర్?' అనే పిల్లలపుస్తకం రాసి బొమ్మలు గీశాడు. హబ్లీ తన భార్య ఫెయిత్‌తో కలిసి, సొంత కొడుకుల మాటలను రికార్డు చేసి, 'మూన్‌బర్డ్' (1959) తీసి ఆస్కార్ అందుకొన్నాడు.

1960లో బొసుస్తో సంస్థను హెన్రీ సాపర్‌స్టీన్‌కు అమ్మేశాడు. మరుసటి ఏడాది యు.పి.ఎ. టెలివిజన్ కోసం 'ది డిక్ ట్రేసీ షో' తయారుచేసింది. అందులో ట్రేసీ ఎక్కువసేపు బల్ల ముందు కూర్చొని చేతి రేడియోలో ఆదేశాలిస్తుంటాడు, పని సహాయకులది. వారిలో ఒకడు కళ్ళద్దాలతో, వంకర ఇంగ్లీషుతో జూడో చేసే ఆసియావాడు జో జిట్సు. మరొకడు పెద్ద టోపీ పెట్టుకొన్న మెక్సికన్ గో గో గోమెజ్. ఇద్దరి జాతీ నవ్వు పుట్టించడానికే ఉంది. సన్నని గీత, చదునైన రంగు, ఖాళీ నేపథ్యం 'బ్రదర్‌హుడ్ ఆఫ్ మ్యాన్'లో ఉన్నట్లే ఉన్నాయి. ఆ చిత్రానికి ఈ కార్యక్రమానికి మధ్య గడిచింది 15 ఏళ్ళు. తెర మీద సంస్థ పేరు మాత్రం అదే.