బావి ఎప్పుడు బాగయినట్టు?
రంగు నీళ్లకు హద్దు గీసిన చరిత్ర

రంగు వేసే ఇంటికి నీరే మొదటి సరుకు. నూలు ఎంత మంచిదైనా, రంగు ఎంత ఖరీదైనా, నీళ్లు బాగోకపోతే రంగు పట్టదు, పట్టినా నిలవదు. ఈ సంగతి మన ఇళ్లలో ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోలేదు. సోలాపూర్‌లోనైనా, సేలంలోనైనా, బెంగళూరులోనైనా, బరంపురంలోనైనా తాగే నీరేదో, రంగుకు పనికొచ్చే నీరేదో నేతగాడికి తెలిసి ఉండాల్సిందే.

మన మగ్గాల చరిత్ర, వలసల చరిత్ర ఏటా చెప్పుకుంటూనే ఉంటాం. మగ్గం పక్కన పారిన నీళ్లకూ ఒక చరిత్ర ఉంది. అందులో అసలు ప్రశ్న ఇది: ఒకసారి చెడిన బావిని ఎంతవరకు బాగుచేస్తే బాగయినట్టు? ఆ హద్దు గీసేదెవరు?

రంగు మారింది, నీళ్లూ మారాయి

ఒకప్పుడు మన రంగులంటే నీలిమందు, మంజిష్ఠ, కరక్కాయ, పటిక. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే కుర్రవాడు తారు సరుకు నుంచి ఊదా రంగు తీశాడు. 1897లో జర్మనీ నుంచి రసాయన నీలి బజారుకు వచ్చింది. 1956లో నూలుతో గట్టిగా అతుక్కునే రియాక్టివ్ రంగులు వచ్చాయి. పని సులువైంది, రంగు నిలిచింది. ఈ మేలు కాదనలేం.

కానీ రియాక్టివ్ రంగు నూలుకు పట్టాలంటే ఉప్పు వెయ్యాలి. ముదురు రంగుకైతే లీటరు నీటికి 50 నుంచి 80 గ్రాములు కూడా పడుతుంది. రంగులో చాలా భాగం నూలుకు పడుతుంది. ఉప్పు మాత్రం ఒక్క రవ్వ కూడా నూలుకు పట్టదు, మొత్తం తొట్టిలోనే మిగులుతుంది. ఆ నీళ్లు పారబోస్తే ఉప్పు ఎక్కడికి పోతుంది? భూమిలోకే. కాచి వడపోసినా పోని సరుకు అది.

బిచ్ఛ్రి: నల్ల రంగు వెనుక కథ

నూలుకు వేసే నల్ల రంగుల్లో బాగా వాడుకలో ఉన్నదానికి మూల సరుకుల్లో ఒకటి హెచ్-యాసిడ్. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రి అనే ఊళ్లో 1980ల చివర్లో దాన్ని తయారుచేశారు. తయారైన సరుకు 375 టన్నులు. దాని వెనుక మిగిలింది సుమారు 8,250 ఘనమీటర్ల మురుగు నీరు, 2,440 టన్నుల బురద. ఆ విషం నేలలోకి దిగింది. 350 హెక్టార్ల మేర, దాదాపు 60 బావుల నీళ్లు తాగడానికీ, పశువులకూ, పైరుకూ పనికిరాకుండా పోయాయి.

1996 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలి. ఆ ఖర్చు తర్వాత 37.385 కోట్ల రూపాయలుగా తేలింది. 2011 జులైలో అదే కోర్టు ఆ డబ్బు వడ్డీతో కట్టమని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అంటే మొదటి తీర్పు వచ్చిన 15 ఏళ్లకు కూడా డబ్బు చేతికి రాలేదు. న్యాయం గెలిచింది, బావి గెలవలేదు.

నొయ్యల్: మూతపడిన రంగు బట్టీలు

తిరుప్పూర్ కథ మనకు ఇంకా దగ్గరిది. నొయ్యల్ నది మీద రైతుల సాగు కోసం ఒరత్తుపాళయం ఆనకట్ట కట్టారు. 1992లో అది పూర్తయింది. కొద్ది ఏళ్లకే అందులో నిలిచింది సాగునీరు కాదు, రంగు నీరు. మా పొలాలకు ఆ నీళ్లు వదలొద్దని రైతులే మొరపెట్టుకున్నారు. నీళ్ల కోసం కట్టించుకున్న ఆనకట్టను చూసి నీళ్లొద్దనడం కన్నా బాధ ఏముంటుంది!

రైతుల సంఘం కోర్టుకెక్కింది. 2006 డిసెంబరులో మద్రాసు హైకోర్టు, చుక్క మురుగు కూడా బయటికి వదలకూడదని షరతు పెట్టింది. 2009లో సుప్రీంకోర్టూ సరేనంది. అది అమలు కాకపోవడంతో 2011 జనవరి 28న హైకోర్టు రంగు యూనిట్లన్నీ మూయమంది. 700కు పైగా యూనిట్లకు తాళాలు పడ్డాయి. కూలి మీద బతికే కుటుంబాలు ఒక్క రోజులో రోడ్డున పడ్డాయి.

ఇందులో రైతు తప్పు లేదు, తొట్టి దగ్గర నిలబడిన కూలివాడి తప్పూ లేదు. హద్దు మొదటే గట్టిగా గీసి, పాటించి ఉంటే ఖర్చు కొంచెం కొంచెంగా పడేది. ఆలస్యం చేసినందుకు మొత్తం ఒక్కసారే, అదీ బీదవాడి మీదే పడింది.

మూడు హద్దులు, మూడు లెక్కలు

నీటి హద్దుల్లో మనవాళ్లు తరచూ కలగలిపేసేవి మూడున్నాయి.

ఒకటి, తాగే నీటి హద్దు. మన దేశంలో తాగునీటి ప్రమాణం 1983లో వచ్చింది. దాని ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 2,000 దాకా సరిపెట్టుకోవచ్చు. రెండు, బయటికి వదిలే మురుగు హద్దు. తమిళనాడులో లవణాలకు అది 2,100. ఇది ఈరోజు వదిలే నీళ్లకే వర్తిస్తుంది. నిన్నటిదాకా భూమిలో దిగినదాని గురించి ఏమీ చెప్పదు. మూడోది, చెడిన చోటును బాగుచేసే హద్దు. మనకు చాలాకాలం లేనిది ఇదే.

బయటి దేశాల్లోనూ ఇది దెబ్బ తిన్నాకే వచ్చింది. అమెరికాలో లవ్ కెనాల్ అనే కాలనీ కింద పాతిపెట్టిన రసాయనాల గొడవ 1978లో బయటపడితే, 1980లో చట్టం వచ్చింది. 1986 సవరణతో, భూగర్భ జలాన్ని వీలైన చోట తాగునీటి హద్దు దాకా తేవాలన్నారు. నెదర్లాండ్స్‌లో లెక్కెర్‌కెర్క్ అనే ఊళ్లో 1980లో ఇళ్ల కింద రసాయన పీపాలు కనబడ్డాయి. 1983కు వాళ్లు మూడు మెట్ల లెక్క పెట్టారు: మామూలుగా నేలలో ఉండేది ఇంత, ఇది దాటితే లోతుగా పరీక్ష, ఇది దాటితే బాగుచేయాల్సిందే.

ఈ అంకెలు గాలిలోంచి పుట్టవు. ఆ నేలలో సహజంగా ఎంత ఉంది, మనిషి జీవితమంతా రోజుకు రెండు లీటర్లు తాగితే ఎంతవరకు హాని ఉండదు, ఆ నీళ్లు తాగడానికా, పైరుకా, రంగుకా — ఇవన్నీ చూసి కడతారు. అందుకే ఉప్పుకు ఒక హద్దు, క్రోమియంకు మరో హద్దు. తాగే నీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రామే దాటకూడదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానమున్న చోట్లను స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం గుర్తించి రాష్ట్ర బోర్డుకు చెప్పాలి. బోర్డు 90 రోజుల్లో తొలి పరిశీలన చేయాలి. పాడుచేసినవాడి నుంచే ఖర్చు రాబట్టాలి. బిచ్ఛ్రి తీర్పుకు ఇది దాదాపు 30 ఏళ్ల తర్వాత.

నియమం కాగితం మీద ఉంటే బావి బాగుపడదు. చెప్పేవాళ్లుండాలి. మన వాడల్లో పాత రంగు బట్టీలు ఎక్కడ ఉండేవి, మురుగు ఏ కాలువలోకి పోయేది, ఏ బావి ఎప్పుడు చెడింది అన్నది ఏ ఆఫీసు దస్త్రంలోనూ ఉండకపోవచ్చు. మన పెద్దల నోట్లో ఉంది. వాళ్లుండగానే రాసుకోవాలి. ప్రతి ఊరి సంఘం ఈ ఏడు ఆ జాబితా ఒకటి తయారుచేసి, వాడలోని బావుల నీళ్లు పరీక్ష చేయించి, ఆ అంకెలు దగ్గర పెట్టుకోవాలి. బోర్డు వచ్చి అడిగిన రోజు చూపడానికి మన దగ్గర లెక్క ఉండాలి.

పడుగులో ఒక్క పోగు తెగినా ఆగి ముడి వేసి గానీ ముందుకు నేయని జాతి మనది. నీళ్ల విషయంలోనూ ఆ అలవాటే మనల్ని కాపాడుతుంది.