భూవినియోగ ప్రణాళికలో జల సంరక్షణ: హోసూరు, కృష్ణగిరి

ఇళ్లు, కర్మాగారాలు, పొలాలు ఎక్కడుండాలో నిర్ణయించేటప్పుడే చెరువులు, వాగులు, భూగర్భ జలాల రక్షణను లెక్కలోకి తీసుకోవడాన్ని భూవినియోగ ప్రణాళికలో జల సంరక్షణ అంటారు. తమిళనాడులో తెలుగువారు ఎక్కువగా నివసించే హోసూరు, కృష్ణగిరి ప్రాంతం దీని అవసరాన్ని స్పష్టంగా చూపుతుంది.

ఇక్కడి ప్రధాన నది దక్షిణ పినాకిని. తమిళంలో దీన్ని తెన్‌పెణ్ణై అంటారు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, హోసూరు వద్ద కెలవరపల్లి జలాశయానికి, తర్వాత కృష్ణగిరి జలాశయానికి చేరుతుంది. బెంగళూరులోని బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మురుగు కూడా ఈ నదిలోనే కలుస్తుంది. అందుకే కెలవరపల్లి గేట్లు ఎత్తినప్పుడు తెల్లని నురగ పొంగుతుంది. ఎగువ నగరం భూమిని వాడే తీరు దిగువ రైతు మడిలో నీటి నాణ్యతను నిర్ణయిస్తుంది.

హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. పట్టణం పెరిగేకొద్దీ చెరువుకు నీరు తెచ్చే వరవ కాలువ పూడితే చెరువు ఎండుతుంది. అలుగు దారి మూస్తే వాన నీరు ఇళ్లలోకి వస్తుంది. కనుక లేఅవుటుకు అనుమతిచ్చే ముందే చెరువు గర్భం, కట్ట, తూము, అలుగు, వాగుల గట్లను పటంలో గుర్తించి, కట్టడాలకు దూరంగా ఉంచాలి. తమిళనాడు పట్టణ, గ్రామ ప్రణాళిక చట్టం (1971), చెరువుల ఆక్రమణల తొలగింపు చట్టం (2007) ఇందుకు ఆధారాలు. నది రాష్ట్ర సరిహద్దు దాటి వస్తుంది కాబట్టి పరీవాహక ప్రాంతమంతటికీ ఉమ్మడి ప్రణాళిక తప్పనిసరి.